సోక్రటీసు కోర్టులో ఇవ్వని జవాబు యూథిఫ్రోలో ఎక్కడుంది?

మీరు అడిగినవి మూడు. సోక్రటీసు నాస్తికుడనే ఏథెన్సు వాళ్ళు చంపారా? ప్లేటో రాసిన నాలుగు సంభాషణలు, అంటే యూథిఫ్రో, అపాలజీ (కోర్టులో సోక్రటీసు చెప్పుకున్న సమర్థన), క్రీటో, ఫీడో, ఏ వరసలో చదవాలి? యూథిఫ్రో ఆఖరి పేజీ దాకా చదివినా పుణ్యం అంటే ఏమిటో తేలలేదు, మరి దాన్ని చదివి ఏం లాభం? మూడోదానితో మొదలుపెడతాను. అది ఒక కొలిక్కి వస్తే మొదటిది సగం తేలిపోతుంది.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. దైవాపచారం చేశావన్న అభియోగానికి అపాలజీలోని సోక్రటీసు సూటిగా జవాబు చెప్పడు. ఆ జవాబును ప్లేటో యూథిఫ్రోలో దాచి ఉంచాడు. కాలేజీలో ఈ పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలకు నేనిచ్చిన సలహా ఇదే: అపాలజీ ఒకసారి చదవండి, యూథిఫ్రో చదవండి, మళ్ళీ వెనక్కొచ్చి అపాలజీలో మెలిటస్‌ను నిలదీసే ఘట్టం చదవండి. రెండోసారి అది వేరే రచనలా కనిపిస్తుంది.

కేసు సంగతి కొంచెం. సంవత్సరం క్రీ.పూ. 399. సోక్రటీసుకు 70 ఏళ్ళు. కోర్టుకు రావడం ఇదే మొదటిసారి అని తనే చెప్పుకుంటాడు. కేసు వేసింది మెలిటస్ అనే కుర్రవాడు, అతని వెనక ఆనిటస్, లైకాన్. వీళ్ళలో బరువున్న మనిషి ఆనిటస్. కూలిపోయిన ప్రజాస్వామ్యాన్ని మళ్ళీ నిలబెట్టిన నాయకుల్లో ఒకడు. అభియోగ పత్రంలోని మాటలు శతాబ్దాల తర్వాత తత్వవేత్తల జీవితచరిత్రలు రాసిన డయోజనీస్ లేయర్షియస్ రాసిపెట్టబట్టి మనదాకా వచ్చాయి: నగరం గుర్తించే దేవుళ్ళను సోక్రటీసు గుర్తించడం లేదు, కొత్త దైవాలను ప్రవేశపెడుతున్నాడు, యువకులను చెడగొడుతున్నాడు, కోరుతున్న శిక్ష మరణం.

ఇది చదివేటప్పుడు మన కోర్టులను మనసులోంచి తీసేయాలి. అక్కడ ప్రభుత్వ ప్లీడరు లేడు, పోలీసు దర్యాప్తు లేదు, చట్టం చదువుకున్న జడ్జి లేడు. కేసు వేయాలనుకుంటే ఏ పౌరుడైనా వేయొచ్చు. 30 ఏళ్ళు దాటిన పౌరుల్లోంచి చీటీ తీసి ఎంపిక చేసిన జ్యూరర్లు ఉంటారు. సోక్రటీసు కేసులో వాళ్ళు 500 మంది అని సాధారణంగా లెక్క వేస్తారు, 501 అనేవాళ్ళూ ఉన్నారు. రోజుకు 3 ఓబోల్‌ల భత్యం తీసుకుని, నీటిగడియారం కారుతున్నంతసేపు ఇరుపక్షాలూ చెప్పేది వింటారు, తమలో తాము మాట్లాడుకోకుండానే ఓటు వేస్తారు, పొద్దుగూకేలోపు తీర్పు వచ్చేస్తుంది. పైగా దైవాపచారం అంటే ఫలానా అని చట్టం విడమరిచి చెప్పలేదన్నది చాలామంది పండితుల మాట. గ్రీకు మతానికి ఒక ప్రమాణ గ్రంథం లేదు. ఇది నమ్మాలి, అది నమ్మకూడదు అని తేల్చిచెప్పే పీఠం లేదు. ఉన్నవి బలులు, ఉత్సవాలు, హోమర్ హెసియడ్‌లు పాడిన కథలు. కాబట్టి ఏది అపచారమన్నది ఆ రోజు ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళ మనసుకు తోచినదాన్ని బట్టే ఉంటుంది.

ఇప్పుడు మెలిటస్‌ను నిలదీసే ఘట్టానికి వద్దాం. సోక్రటీసు అడుగుతాడు: నేను వేరే దేవుళ్ళను నమ్ముతున్నానంటావా, లేక అసలు దేవుళ్ళనే నమ్మనంటావా? మెలిటస్ ఆలోచించకుండా దూకేస్తాడు. నువ్వు ఏ దేవుణ్ణీ నమ్మవు, సూర్యుడు రాయి అంటావు, చంద్రుడు మట్టి అంటావు. సోక్రటీసు వెంటనే అందుకుంటాడు. నాయనా మెలిటస్, నువ్వు ఆ మాటలన్న తత్వవేత్త అనాక్సాగరస్ మీద కేసు వేశాననుకుంటున్నావా? ఆ మాటలున్న పుస్తకాలు మహా అయితే ఒక డ్రాక్మాకు దొరుకుతాయి, ఆపాటి కూడా తెలియనివాళ్ళా ఈ పెద్దలు? ఇక ఉచ్చు బిగించడం మొదలవుతుంది. గుర్రాలు లేవు గాని గుర్రాలకు సంబంధించిన వ్యవహారాలున్నాయి అనేవాడు ఎక్కడైనా ఉంటాడా? వేణువు వాయించేవాళ్ళు లేరు గాని వాయించడం ఉంది అంటారా? నేను దైవసంబంధమైన కొత్త సంగతులు తెస్తున్నానని నీ పత్రమే అంటోంది. దైవసంబంధమైనవి ఉన్నాయనుకునేవాడు దైవాలు ఉన్నాయనుకోక తప్పదు. ఆ దైవాలు దేవుళ్ళయినా అయి ఉండాలి, దేవుళ్ళ బిడ్డలైనా అయి ఉండాలి. కంచరగాడిదలు ఉన్నాయిగాని గుర్రాలూ గాడిదలూ లేవు అని ఎవడంటాడు?

మెలిటస్‌కు నోట మాట లేదు. చదివేవాళ్ళు నవ్వుకుంటారు. క్లాసులో కూడా ఇక్కడ నవ్వులు వినిపించేవి. అప్పుడు నేను అభియోగ పత్రం మళ్ళీ చదవమనేవాణ్ణి. అందులో ఉన్నది "నగరం గుర్తించే దేవుళ్ళను" గుర్తించడం లేదని. సోక్రటీసు నిరూపించింది తను ఏదో ఒక దైవాన్ని నమ్ముతానని మాత్రమే. కొండ మీద గుడి కట్టి కొలుస్తున్న ఎథీనాను, కథల్లోని జ్యూస్‌ను ఏథెన్సు నమ్మినట్టే తనూ నమ్ముతాడా అన్నది తేలకుండానే ఘట్టం ముగిసింది. మెలిటస్ తెలివితక్కువతనం వల్ల అసలు ప్రశ్న పక్కకు జారిపోయింది.

ఇది ప్లేటో గమనించలేదంటే నేను నమ్మను. ఎందుకంటే సులువైన జవాబు ఒకటి పక్కనే ఉంది, సోక్రటీసు మరో శిష్యుడు జెనోఫన్ అదే రాశాడు. అతని సోక్రటీసు, ఊరి ఉత్సవాల్లో, బలిపీఠాల దగ్గర నేను బలులివ్వడం అందరూ చూశారు, చూడాలనుకుంటే మెలిటస్‌కూ కనిపించేది అని తేల్చేస్తాడు. విచారణ జరిగినప్పుడు జెనోఫన్ ఊళ్ళో లేడు, కిరాయి సైన్యంతో ఆసియాలో ఉండిపోయి, తర్వాత సోక్రటీసు స్నేహితుడు హెర్మోజెనీస్ చెబితే విన్నాడు. ప్లేటో మాత్రం కోర్టులోనే ఉన్నాడు. అపాలజీలో అతని పేరు రెండుసార్లు వస్తుంది. అక్కడుండి విన్నవాడు ఆ సులువైన జవాబును తన రచనలో పెట్టలేదు.

యూథిఫ్రో ఈ సందులోకే వస్తుంది. కేసు ఇంకా విచారణకు రాలేదు. ప్రాథమిక విచారణ కోసం సోక్రటీసు మతవ్యవహారాలు చూసే 'రాజు' ఆర్కాన్ అనే అధికారి మండపం దగ్గరికి వచ్చాడు. ఆ మండపం పునాదులు 1970లో ఏథెన్సు అగోరా, అంటే ఊరి నడుమ సంత మైదానం, వాయవ్య మూలలో తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడ యూథిఫ్రో తగులుతాడు. తనకు దైవరహస్యాలు తెలుసనీ, సభలో తను చెప్పిన జోస్యాలకు జనం నవ్వుతారుగాని అవి నిజమవుతాయనీ చెప్పుకునే మనిషి. అతనూ కేసు పని మీదే వచ్చాడు, తన సొంత తండ్రి మీద హత్యకేసు. నాక్సాస్ దీవిలో వాళ్ళ పొలంలో పనిచేసే కూలివాడొకడు తాగిన మైకంలో వాళ్ళ ఇంటి బానిసను పీక కోసి చంపాడు. తండ్రి ఆ కూలివాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి గుంటలో పడేసి, ఏం చేయాలో ధర్మజ్ఞులను అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చేలోపే ఆకలికీ చలికీ కట్లకీ కూలివాడు చచ్చిపోయాడు.

చుట్టాలంతా తిట్టిపోస్తున్నా యూథిఫ్రో చలించడు. చచ్చినవాడు అయినవాడా పరాయివాడా అని చూడటమేంటి, చంపడం న్యాయమా కాదా అని చూడాలంటాడు. ఆ ఒక్క మాటకు అతని మీద నాకు గౌరవమే. గుంటలో పడి చచ్చిన కూలివాడి తరఫున అక్కడ నిలబడ్డది ఇంకెవరూ లేరు. కాని ఇంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అంటే, జ్యూస్ తన తండ్రి క్రోనస్‌ను బంధించలేదా, క్రోనస్ తన తండ్రిని అంతకంటే ఘోరం చేయలేదా అని దేవుళ్ళ కథలు సాక్ష్యానికి తెస్తాడు.

మీరు పెన్సిలుతో గీత గీసుకోవలసిన చోటు ఇదే, అంచుల్లో 6 అన్న సంఖ్య దగ్గర (ఈ సంఖ్యలేమిటో ఆఖరున చెబుతాను). సోక్రటీసు అంటాడు: దేవుళ్ళ గురించి ఎవరైనా ఇలాంటివి చెబితే నాకు మింగుడుపడదు, నన్ను కోర్టుకీడ్చింది బహుశా ఇందుకేనేమో. ఆ పైన ఇంకా అడుగుతాడు: దేవుళ్ళ మధ్య యుద్ధాలు, పగలు నిజంగానే జరిగాయని నమ్ముతున్నావా? పానథినేయ ఉత్సవంలో అక్రోపొలిస్ కొండ మీదికి తీసుకెళ్ళే అమ్మవారి వస్త్రం నిండా ఆ బొమ్మలేగా కుట్టి ఉంటాయి, అవన్నీ నిజమే అందామా? 500 మంది ముందు అనని మాట, మండపం దగ్గర ఒక్కడి ముందు అన్నాడు. దేవుళ్ళు లేరనడం లేదు. ఒకరినొకరు నరుక్కునే దేవుళ్ళు తనకు నమ్మశక్యంగా లేరంటున్నాడు. ఏథెన్సు ఊరేగించే కథనే పట్టుకుని అంటున్నాడు. మెలిటస్‌కు కాస్త బుర్ర ఉంటే ఈ ఒక్క వాక్యమే పట్టుకుని నిలదీసేవాడు.

తర్వాత నడిచే వాదన మీకు తెలుసు. ఉపనిషత్తుల్లో శిష్యుడు అడుగుతాడు, గురువు చెబుతాడు. ఇక్కడ అంతా తెలుసన్నవాణ్ణి ఏమీ తెలియదన్నవాడు అడుగుతుంటాడు. పుణ్యమంటే నేనిప్పుడు చేస్తున్నదే అంటాడు యూథిఫ్రో. అది ఉదాహరణేగాని నిర్వచనం కాదు. దేవుళ్ళకు ఇష్టమైనది అంటాడు. పోట్లాడుకునే దేవుళ్ళయితే ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదుగా. అయితే దేవుళ్ళందరికీ ఇష్టమైనది అని సర్దుతాడు. అప్పుడు వస్తుంది ఆ ప్రసిద్ధమైన ప్రశ్న: పుణ్యం కాబట్టి దేవుళ్ళు దాన్ని ఇష్టపడుతున్నారా, దేవుళ్ళు ఇష్టపడుతున్నారు కాబట్టి అది పుణ్యమైందా? ఎవరో మోస్తున్నారు గనకే అది మోస్తున్న మూట అయింది, మోస్తున్న మూట కదా అని ఎవరూ ఎత్తుకోరు. అలాగే దేవుళ్ళు ఇష్టపడబట్టే ఒకటి వాళ్ళకు ఇష్టమైనది అవుతుంది. పుణ్యం సంగతి అలా కాదు, అది పుణ్యం గనక వాళ్ళు ఇష్టపడుతున్నారని యూథిఫ్రోనే ఒప్పుకున్నాడు. అంటే రెండూ ఒకటి కావు. దేవుళ్ళ ఇష్టం పుణ్యం మీద పడిన వెలుగు మాత్రమే, పుణ్యం ఏమిటో అది చెప్పలేదు.

చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు సరుకు ఆ తర్వాత ఉంది. పుణ్యమంటే దేవుళ్ళకు చేసే సేవ అని యూథిఫ్రో ఇంకో దారి పడతాడు. సోక్రటీసు పట్టుకుంటాడు. వైద్యుడికి సాయపడితే ఆరోగ్యం వస్తుంది, ఓడలు కట్టేవాడికి సాయపడితే ఓడ తయారవుతుంది. మరి మన సేవ తీసుకుని దేవుళ్ళు సాధించే ఆ గొప్ప పని ఏమిటి? యూథిఫ్రో తడబడి, చాలా మంచి పనులు అని, అక్కణ్ణుంచి ప్రార్థనలు, బలులు అని మాట మార్చేస్తాడు. సోక్రటీసు అంటాడు: అంచు దాకా వచ్చి పక్కకు తిరిగిపోయావు, ఆ ఒక్కటి చెప్పి ఉంటే పుణ్యమేమిటో నీ దగ్గర నేర్చుకునేవాణ్ణి. సంభాషణ మొత్తంలో సోక్రటీసు దగ్గరికొచ్చావని మెచ్చుకున్నది ఇక్కడొక్కచోటే. ఆ తర్వాత ప్రార్థన అంటే అడగడం, బలి అంటే ఇవ్వడం, అయితే ఇది దేవుళ్ళకూ మనుషులకూ మధ్య బేరమా అన్న వెటకారంతో వాదన మళ్ళీ 'దేవుళ్ళకు ఇష్టమైనది' దగ్గరికే చేరుతుంది. యూథిఫ్రోకు ఉన్నట్టుండి పని గుర్తొచ్చి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు అపాలజీకి తిరిగి రండి. డెల్ఫీలోని అపొలో గుడికి స్నేహితుడు ఖేరెఫాన్ వెళ్ళి సోక్రటీసు కంటే జ్ఞాని ఎవరైనా ఉన్నారా అని అడగడం, ఎవరూ లేరని అక్కడి దైవవాణి చెప్పడం, దాని అర్థం పరీక్షించడానికి సోక్రటీసు రాజకీయ నాయకులనూ కవులనూ చేతిపనివాళ్ళనూ ప్రశ్నిస్తూ తిరగడం మీకు గుర్తుండే ఉంటుంది. ఈ పనికి అతను పెట్టిన పేరు దేవుడికి తను చేస్తున్న సేవ. బద్ధకించిన జాతి గుర్రం లాంటి ఈ నగరాన్ని కుట్టి లేపమని దేవుడు తగిలించిన జోరీగను నేను, దేవుడికి నేను చేసే ఈ సేవ కంటే పెద్ద మేలు ఈ ఊరికి ఎప్పుడూ జరగలేదు అంటాడు. యూథిఫ్రో చెప్పలేక జారుకున్న ఆ గొప్ప పని ఇదే. మనుషులు తమ ఆత్మను బాగుచేసుకోవడం దేవుళ్ళు కోరే పని, అందుకు వాళ్ళను ప్రశ్నించడం సేవ, అదే పుణ్యం. ఈ నిర్వచనాన్ని ప్లేటో ఎక్కడా ఒక వాక్యంగా రాయలేదు, రెండు రచనలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళకే దొరుకుతుంది. అందరూ దీన్ని ఒప్పుకోరు. సోక్రటీసుకు నిజంగానే జవాబు తెలియదు, యూథిఫ్రో తేలకుండా ముగియడమే అసలు ఉద్దేశం అనేవాళ్ళు ఉన్నారు. సేవ దగ్గర పడిన ఆ మెచ్చుకోలు మాటకు వాళ్ళు చెప్పే సంజాయిషీ నాకు ఎప్పుడూ ఆనలేదు.

ఈ నిర్వచనంలో ఉన్న ప్రమాదం చూడండి. పుణ్యం ఇదే అయితే బలులకూ ఉత్సవాలకూ చోటెక్కడ? దేవుళ్ళకు మనం ఇచ్చేదీ, వాళ్ళు మనకు ఇచ్చేదీ అన్న లెక్క మీదే ఆ ఊరి భక్తి అంతా నడుస్తోంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: సోక్రటీసు నాస్తికుడు కాదు, కాని అభియోగంలో మొదటి ముక్క పూర్తిగా కట్టుకథ కూడా కాదు. రెండో ముక్క, కొత్త దైవాల సంగతి, చిన్నప్పటినుంచీ తనకు వినిపించే ఒక దైవిక స్వరం గురించి. ప్లేటో ప్రకారం అది ఏ పనీ చేయమనదు, చేయబోయేదాన్ని వద్దని ఆపుతుందంతే. మెలిటస్ పట్టుకున్నది దాన్నేనని యూథిఫ్రో కూడా వెంటనే పోల్చుకున్నాడు.

మరి 70 ఏళ్ళదాకా ఊరుకుని అప్పుడే ఎందుకు? ఇక్కడ రాజకీయం రాకుండా పోదు. క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఏథెన్సు ఓడింది. స్పార్టా అండతో ముప్ఫైమంది నిరంకుశులు గద్దెనెక్కి చంపినంతమందిని చంపారు. వాళ్ళ నాయకుడు క్రిటియస్ ఒకప్పుడు సోక్రటీసు చుట్టూ తిరిగినవాడు, ప్లేటోకు బంధువు. నగరానికి ద్రోహం చేసిన ఆల్సిబియడీస్ కూడా ఆ గుంపులోవాడే. 403లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక పాత నేరాలు తవ్వకూడదని క్షమాభిక్ష ప్రకటించారు కాబట్టి ఆ పేర్లు అభియోగంలో రాయడానికి లేదు. జనం మనసులో మాత్రం ఉన్నాయి. అర్ధశతాబ్దం తర్వాత, 345లో, ఎస్కినీస్ అనే వక్త కోర్టులో, క్రిటియస్‌కు చదువు చెప్పాడని మీరు సోక్రటీసును చంపారు కదా అని జ్యూరర్లకు మామూలుగా గుర్తుచేస్తాడు, ఎవరికీ వివరించాల్సిన పని లేనట్టు. అదే ముప్ఫైమంది సలామిస్ నుంచి లియాన్‌ను పట్టుకురమ్మంటే సోక్రటీసు పోకుండా ఇంటికెళ్ళిపోయాడన్నది కూడా అంతే నిజం. అయితే మతం వట్టి సాకు, రాజకీయమే అసలు కారణం అని కొట్టిపారేయలేను. వరసగా దెబ్బలు తిన్న ఊరికి దేవుళ్ళు కోపించారన్న భయం మామూలు విషయం. 415లో సిసిలీ దండయాత్రకు ముందు వీధుల్లోని హెర్మీస్ విగ్రహాలను పగలగొట్టినప్పుడు ఆ ఊరు ఎంత వణికిపోయిందో చరిత్రకారుడు తూసిడైడీస్‌లో చదవండి.

ఓట్ల సంగతి మీరు అడగలేదు గాని ఒక్క మాట. 30 ఓట్లు ఇటు పడి ఉంటే విడుదలయ్యేవాణ్ణని సోక్రటీసు అంటాడు. 500 మంది అనుకుంటే సుమారు 280, 220 అన్నమాట. శిక్ష కోసం మళ్ళీ ఓటింగు. ఇరుపక్షాలూ చెరో శిక్ష చెబితే వాటిలో ఒకటే ఎంచుకోవాలి. సోక్రటీసు తనకు ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు ప్రభుత్వ భోజనం పెట్టమన్నాడు, తర్వాత ఒక మీనా జరిమానా అన్నాడు, చివరికి ప్లేటో, స్నేహితుడు క్రీటో వగైరాలు పూచీ పడితే 30 మీనాలు అన్నాడు. ఒక మీనాకు 100 డ్రాక్మాలు, డ్రాక్మాకు 6 ఓబోల్‌లు. ఆ 30 మీనాలు ఒక జ్యూరరుకు 6000 రోజుల భత్యం. చిన్న మొత్తమేమీ కాదు, కాని భోజనం మాట విన్నాక ఎవరికి చెవికెక్కుతుంది? మొదట నిర్దోషి అన్నవాళ్ళలో 80 మంది మరణశిక్షకు ఓటేశారని డయోజనీస్ లేయర్షియస్ రాశాడు.

క్రీటో చిన్నది, ఒక గంటలో అయిపోతుంది. డెలాస్ దీవికి పంపిన పవిత్ర నౌక తిరిగొచ్చేదాకా మరణశిక్షలు ఆపాలి గనక సోక్రటీసు జైల్లో ఉన్నాడు, జెనోఫన్ లెక్క ప్రకారం 30 రోజులు. తెల్లవారకముందే క్రీటో వచ్చి తప్పించుకుపొమ్మంటాడు, సోక్రటీసు ససేమిరా అంటాడు. ఒక చిక్కు మాత్రం గమనించండి: తాత్విక చర్చ మానితే వదిలేస్తామని మీరన్నా మీ మాట వినను, దేవుడి మాటే వింటాను అని అపాలజీలో జ్యూరర్లకు చెప్పినవాడు, ఇక్కడ చట్టాల మాట జవదాటను అంటున్నాడు. దీనికి అతుకులు చాలామంది వేశారు. నాకు నచ్చింది ఇది: ఆజ్ఞను కాదనడం వేరు, కాదన్నందుకు పడ్డ శిక్ష నుంచి పారిపోవడం వేరు.

ఫీడో పేరుకు ఈ వరసలోదే గాని స్వభావం వేరు. సోక్రటీసు చనిపోయిన రోజు తను ఒంట్లో బాగాలేక రాలేదని కథ చెప్పే ఫీడో చేత ప్లేటోనే చెప్పించాడు, కనుక ఇక్కడున్న ఆత్మ అమరత్వ వాదాలు చాలావరకు ప్లేటో సొంతం అనుకోవచ్చు. అపాలజీలో చావంటే కలల్లేని నిద్ర కావచ్చు, వేరే చోటికి పయనం కావచ్చు అని వదిలేసిన మనిషి, ఇక్కడ ఆత్మకు చావులేదని ఒకటి తర్వాత ఒకటి వాదనలు పేరుస్తాడు. ఆఖరి ఘట్టంలో విషం తాగి, వైద్యదేవుడు ఎస్‌క్లీపియస్‌కు కోడిపుంజు బాకీ ఉన్నాం, మరిచిపోకుండా ఇవ్వండి అని క్రీటోతో అంటాడు. ఆ కోడిపుంజు మీద వచ్చిన వ్యాఖ్యానాలు ఒక అల్మారాకు పడతాయి. దైవాపచార కేసులో చనిపోతున్న మనిషి మొక్కు తీర్చమన్నాడన్నంతవరకే నేను తీసుకుంటాను.

ఇక వరస. యూథిఫ్రో, అపాలజీ, క్రీటో, ఫీడో అన్నది కథ జరిగిన వరస. థ్రసిలస్ అనే ఆయన, టిబీరియస్ చక్రవర్తి ఆస్థాన జ్యోతిష్కుడు, ప్లేటో రచనలను నాలుగేసి కట్టలుగా కట్టినప్పుడు మొదటి కట్ట ఇదే. మీరు మాత్రం అపాలజీతో మొదలుపెట్టండి, యూథిఫ్రో మళ్ళీ చదవండి, అపాలజీలో 24 నుంచి 30 దాకా తిరగేయండి, అప్పుడు క్రీటో, ఆఖరున ఫీడో. నేను చెబుతున్న ఈ సంఖ్యలు 1578లో జెనీవాలో స్టెఫానస్ అచ్చువేసిన ప్రతి పేజీలవి. మంచి అనువాదాలన్నిటిలో అంచున ఉంటాయి. లేని ప్రతి కొనకండి, ఎవరితో చర్చించాలన్నా చోటు దొరకదు. ఫీడో పెద్దది, నడుమ వాదనల్లో విసుగొస్తే మానేయొద్దు. 115 నుంచి 118 దాకా ఉన్న ఆఖరి ఘట్టం ముందే చదివేసి, తీరిగ్గా 57కు వచ్చి మొదలుపెట్టండి.